మే నెలలో ఘాట్ రోడ్డు మీద హాఫ్ మారథాన్: వేగం, నీళ్లు, ఎండ గురించి సలహా కావాలి

కంటోన్మెంట్ నడక (విజయనగరం):

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఉద్యోగాలు చేసుకుంటూ ఉదయం పూట విజ్జీ స్టేడియంలోనూ అయ్యకోనేరు గట్టు మీదా పరుగెత్తే ఏడుగురం స్నేహితులం ఉన్నాం. శృంగవరపుకోట దాటాక అనంతగిరి వైపు వెళ్లే ఘాట్ రోడ్డు మీద, ఎక్కుడు మొదలయ్యే చోటు నుంచి సుమారు 10.5 కి.మీ. పైకి వెళ్లి, అదే దారిన వెనక్కి దిగి, మొత్తం 21.1 కి.మీ. పూర్తి చేయాలని మే మూడో ఆదివారానికి నిర్ణయించుకున్నాం. ఇది పోటీ కాదు, బహుమతులు లేవు, నిర్వాహకులూ లేరు. మాలో ఒకరి బంధువు జీపు ఇస్తానన్నారు, అంతవరకే ఏర్పాటు.

నేను చలికాలంలో చదును రోడ్డు మీద ఈ దూరాన్ని 2 గంటల 15 నిమిషాల్లో పూర్తి చేశాను. కొండ కాబట్టి మరో పావుగంట కలుపుకొని రెండున్నర గంటలు పడుతుందని అంచనా వేసుకున్నాను. ఉదయం 5.30కి మొదలుపెడితే ఎండ ముదిరే లోపు దిగిపోతామని మా ఆలోచన. ఈ అంచనా సరైనదేనా, ఎక్కేటప్పుడు ఏ వేగం పట్టుకోవాలి, ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలి అన్నవి మా ప్రశ్నలు. మా సాధన అంతా చదును నేల మీదే సాగిందని కూడా చెప్పాలి.

నాగావళి తీరం (శ్రీకాకుళం):

కంటోన్మెంట్ గారూ, మీ అంచనా ఎండను వదిలేసి కొండను మాత్రమే లెక్కలోకి తీసుకున్నట్టుంది, కొండను కూడా కొంచెం తక్కువగానే చూసినట్టుంది. ఆ దారిలో వాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గనుక, లెక్క కోసం సగటున 5 శాతం అనుకుందాం. అంటే 10.5 కి.మీ.లో మీరు 525 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. అలాంటి ఎక్కుడులో కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి చదును నేల మీద కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. చదును మీద మీ వేగం కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. అదే ఆయాసంతో ఎక్కితే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది, అంటే పైకి వెళ్లడానికే గంటన్నర. దిగేటప్పుడు కిలోమీటరుకు 6 నిమిషాలు పట్టుకోగలిగినా మరో గంటా మూడు నిమిషాలు. ఎండ అనేదే లేని రోజున మీ రెండున్నర గంటలు ఇక్కడే అయిపోయాయి. మే నెలలో రెండు గంటల ముప్పావుకు తక్కువ అనుకోకండి, మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇక వేడి సంగతి. 60 కిలోల మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తితే ఇంచుమించు 60 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఒంట్లో వేడిగానే మిగులుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. కాబట్టి కాగితం మీద చూస్తే గంటకు ఒక లీటరు చెమట సరిపోవాలి. అయితే ఆ లెక్క ఆవిరైన చెమటకే వర్తిస్తుంది గానీ, మోచేతి నుంచి బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడే చెమటకు వర్తించదు. మన తీరప్రాంతంలో మే నెల తెల్లవారుజామున ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీలే కనిపించినా గాలిలో తేమ 80 శాతం దాటి ఉండటం మామూలే. అంత ఉక్కలో బనియను పిండితే నీళ్లు కారేంత చెమట పట్టినా ఒళ్లు చల్లబడదు. అందుకే ఫోనులో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ధైర్యపడకూడదు, దాని పక్కనే ఉండే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, అది ఎంత ఎక్కువైతే ఉక్క అంత ఎక్కువ) చూడాలి. అది 24 దాటిన రోజున గడియారం చూసి పరుగెత్తడం మానేసి ఆయాసాన్ని బట్టి పరుగెత్తడమే మంచిది.

ఎక్కుడులో ఇంకొక చిక్కు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. చదును మీద గంటకు 10 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఆ కదలిక వల్లనే ఒంటికి కొంత గాలి తగులుతుంది. కొండ ఎక్కుతూ గంటకు 7 కి.మీ.కి పడిపోయినప్పుడు మీ శ్రమ తగ్గదు గనుక వేడి పుట్టడమూ తగ్గదు, గాలి మాత్రం తగ్గిపోతుంది. పక్కన కొండ గోడలా నిలబడి ఉన్న మలుపుల్లో అసలు గాలే ఉండదు. పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది కదా అంటారేమో, ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీల చొప్పున 525 మీటర్లకు మీకు దక్కేది 3 డిగ్రీలే. పైగా దిగేటప్పుడు మీరు వెళ్లేది మళ్లీ వేడిలోకే, అదీ ఉదయం కంటే ముదిరిన వేడిలోకి.

నా సలహా ఏమిటంటే, ఎక్కేటప్పుడు పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే ఆయాసాన్నే హద్దుగా పెట్టుకోండి, అది దాటితే నడవండి. నిటారు మలుపుల్లో చకచకా నడిచే మనిషికీ, ఈడ్చుకుంటూ పరుగెత్తే మనిషికీ కిలోమీటరుకు అర నిమిషం తేడా కూడా ఉండదు.

బోడికొండ మెట్లు (నెల్లిమర్ల):

నాగావళి గారు ఎక్కుడు గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, కానీ మీరు భయపడవలసింది దిగుడుకు. చదును మీదే సాధన చేసిన కాళ్లకు పది కిలోమీటర్ల దిగుడు చాలా కఠినమైనది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు ఒకవైపు సాగుతూనే మరోవైపు ఒంటి బరువును ఆపాలి, ఈ రకం పనిలోనే కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆయాసం ఉండదు గనుక మొదటి నాలుగైదు కిలోమీటర్లు హాయిగా అనిపిస్తుంది. ఆ తర్వాత మోకాలు మడిచినప్పుడల్లా తొడ వణకడం మొదలవుతుంది, మర్నాడు ఇంట్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వస్తుంది.

దీనికి విరుగుడు కూడా దిగుడే. ఒక్కసారి ఓ మోస్తరుగా దిగుడు సాధన చేసినా, ఆ తర్వాత కొన్ని వారాల పాటు కండరాలకు అదే పని తక్కువ నష్టం చేస్తుంది. మీకు దగ్గరలో రామతీర్థం ఉంది. అక్కడి బోడికొండ మెట్లు ఎక్కడానికి మంచివే గానీ దిగుడు పరుగుకు పనికిరావు, కాలు జారితే ప్రమాదం. వారానికి ఒక రోజు ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా బండి మీద వెళ్లి, ఘాట్ మొదట్లోనే రెండు మూడు కిలోమీటర్లు నడిచి ఎక్కి నెమ్మదిగా పరుగెత్తుతూ దిగండి, తర్వాతి వారం ఇంకొంచెం దూరం పెంచండి. చివరి గట్టి దిగుడు సాధనకూ అసలు రోజుకూ మధ్య కనీసం పది రోజులు ఉండాలి. అడుగులు చిన్నవిగా, వెంటవెంటనే పడాలి. మడమను ముందుకు చాచి బ్రేకులా తొక్కితే ఆ దెబ్బ మోకాలికి పోతుంది.

రోడ్డు గురించి కూడా ఒక మాట. ఆదివారం ఉదయం అరకు వెళ్లే కార్లన్నీ అదే దారిలో వస్తాయి. మామూలుగా ఎదురు వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున పరుగెత్తమంటారు, అది సరైనదే. కానీ కుడివైపు తిరిగే గుడ్డి మలుపులో లోపలి అంచున ఉంటే కొండ చాటున మీరు డ్రైవరుకు కనిపించరు. అలాంటి చోట మలుపుకు ముందే, రెండు వైపులా చూసుకుని, బయటి అంచుకు మారండి. చెవుల్లో పాటలు వద్దు.

వేడికి అలవాటు పడటం గురించి ఇంకా ఎవరూ రాయలేదు గనుక నేనే రాస్తాను. శరీరం వేడికి సర్దుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె కొట్టుకోవడమూ నెమ్మదిస్తుంది. మా ఊళ్లో ఉపాధి హామీ పనికి వెళ్లి చెరువు మట్టి తవ్వేవాళ్లకు ఇది వేసవి మొదట్లోనే వచ్చేస్తుంది. పగలంతా ఏసీ గదిలో కూర్చుని తెల్లవారుజామున మాత్రమే పరుగెత్తే మనకు రాదు. కనుక ఏప్రిల్ చివరి నుంచి కొన్ని పరుగులను, గంటకు మించకుండా, నెమ్మదిగా, ఉదయం 7.30 తర్వాతకు మార్చుకోండి. మిట్టమధ్యాహ్నం పరుగెత్తి గట్టిపడాలని కొందరు కుర్రాళ్లు చూస్తారు, అది సాధన కాదు, మొండితనం.

ఉద్దానం కొబ్బరితోట (కవిటి):

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, అందువల్ల వేగం జోలికి పోకుండా నాకు తెలిసినంత వరకే రాస్తాను. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకందరికీ తెలుసు, దానికి కచ్చితమైన కారణం ఇదీ అని ఇంకా తేలలేదన్నదీ తెలుసు. ఈ జబ్బు మొదటి దశల్లో ఏ బాధా పెట్టదు. కాబట్టి మీ ఏడుగురిలో ఈ వైపు ఊళ్లవాళ్లు గానీ, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు గానీ ఎవరైనా ఉంటే, మూడు గంటల ఎండ పరుగుకు ముందు కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి. ఖర్చు తక్కువ, ఒక్కపూటలో తేలిపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది నొప్పి మాత్రల సంగతి. మోకాళ్లు నొప్పి పుడతాయేమోనని పరుగుకు ముందే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకునే అలవాటు మన పరుగు బృందాల్లో చాలా ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తం ఎలాగూ తగ్గుతుంది, ఈ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. దానికి తోడు పది కిలోమీటర్ల దిగుడులో దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే వ్యర్థాలనూ ఆ కిడ్నీలే వడకట్టాలి. పరుగుకు ముందు వద్దు, పరుగు మధ్యలో వద్దు, ముగిశాక కూడా నీళ్లు తాగి మూత్రం మామూలుగా వచ్చేదాకా వద్దు. మర్నాడు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తక్కువ తాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. దాహం లేకపోయినా ప్రతి కిలోమీటరుకు వట్టి నీళ్లు పట్టించేవారికి రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వాంతులు, తికమకతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది. అసలు రోజు కంటే ముందే ఒక వేడి ఉదయం గంట సేపు పరుగెత్తి, ముందూ వెనకా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలుపుకోవాలి. చాలామందికి గంటకు 400 నుంచి 800 మి.లీ. మధ్యలో సరిపోతుంది, దాహాన్ని బట్టి సర్దుకోవచ్చు. బరువు కొంత తగ్గడం సహజం, పెరిగితే మాత్రం అతిగా తాగారని అర్థం.

ఓఆర్‌ఎస్ పొట్లం వాడితే దాని మీద రాసినన్ని నీళ్లలోనే సరిగ్గా కలపాలి, రుచి కోసం సగం నీళ్లలో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. మన పద్ధతిలో కావాలంటే బాగా పలచన చేసిన లీటరు మజ్జిగలో అర టీస్పూను ఉప్పు వేసుకోండి. అయితే ఎక్కుడులో మజ్జిగ అందరి కడుపుకూ పడదు, సాధనలో తాగి చూడనిది ఆ రోజు తాగకండి. తరవాణి (పులిసిన గంజి), చోడి (రాగి) అంబలి ముందు రోజుకూ, తాటి ముంజలు, కొబ్బరి బొండాలు కిందికి దిగాకా ఉంచుకోండి.

కంటోన్మెంట్ నడక (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. నాగావళి గారి లెక్క చూశాక మావాళ్లు గడియారాలు పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు. రెండు సందేహాలు మిగిలాయి. మూడు గంటలు పట్టేటట్టయితే 4.30కే మొదలుపెట్టడం మంచిదని ఒకరంటున్నారు. రెండోది, మాలో ఒకాయనకు 48 ఏళ్లు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు, బీపీ అదుపులోనే ఉంది. ఆయన రావచ్చా?

ఉద్దానం కొబ్బరితోట (కవిటి):

బీపీ మాత్రలన్నీ ఒకటి కావు. కొన్నింటిలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది, ఎండలో నీరూ ఉప్పూ మరింత తగ్గిపోతాయి. పేరు చివర ‘లోల్’ అని ఉండే రకం గుండె వేగాన్ని పెరగనివ్వదు, అందువల్ల ఆయన చేతి వాచీలో గుండె లెక్క తక్కువగా కనిపించినా శ్రమ తక్కువగా ఉందని అర్థం కాదు. ఇంకొన్ని రకాలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ మీద భారం వేస్తాయి. మాత్రల అట్ట తీసుకుని రాసిచ్చిన డాక్టరు దగ్గరకే వెళ్లి, ‘మే నెలలో మూడు గంటలు కొండ పరుగు’ అని విడమరచి చెప్పి అడగమనండి. వాకింగ్ చేయవచ్చా అని అడిగితే ఎవరైనా చేయమనే అంటారు. తనంతట తాను ఆ రోజుకు మాత్ర మానేయడం అసలు వద్దు. మగతగా ఉంచే జలుబు మాత్రలు చెమటను తగ్గిస్తాయి, కనుక ఆ వారం జలుబు, జ్వరం, విరేచనాలు ఏవి వచ్చినా ఆ మనిషి జీపులో కూర్చోవలసిందే.

నాగావళి తీరం (శ్రీకాకుళం):

ఇక 4.30 సంగతి. మే మధ్యలో మన దగ్గర సూర్యోదయం సుమారు 5.20కి, దానికి ఇరవై నిమిషాల ముందే దారి కనిపిస్తుంది. చీకట్లో ఘాట్ మలుపుల మీద లారీలకు ఎదురు వెళ్లే ప్రమాదం, మీరు తప్పించుకోబోయే అరగంట ఎండ కంటే పెద్దది. పైగా తెల్లవారకముందు తేమ అన్నిటికంటే ఎక్కువ. 5 గంటలకు మొదలుపెట్టండి. ఇంకా చల్లదనం కావాలంటే జీపును పైన పెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టి దిగి ఎక్కవచ్చు కదా అనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. అలా చేస్తే ఎక్కుడంతా అలసిన కాళ్లతో, ముదిరిన ఎండలో పడుతుంది.

విశ్రాంత సుబేదార్ (ఆమదాలవలస):

తమ్ముడూ, అందరూ పరుగు గురించి రాశారు, నేను మనిషి పడిపోతే ఏం చేయాలో రాస్తాను. మా వైపు ఆర్మీ సెలక్షన్ కోసం 1600 మీటర్లు సాధన చేసే కుర్రాళ్లకూ ఇదే చెబుతాను.

వడదెబ్బ అంటే ఒళ్లు పొడిగా కాలిపోతుందనీ, చెమట ఉంటే వడదెబ్బ కాదనీ అనుకుంటారు. పరుగెత్తే మనిషికి వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసే ఉండవచ్చు. చూడవలసింది ప్రవర్తన. తూలడం, కారణం లేకుండా చిరాకు పడటం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం, ‘నేను బాగానే ఉన్నాను, వదలండి’ అని మొండికేయడం కనిపిస్తే లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చనుకోవాలి. చంకలోనో నోట్లోనో థర్మామీటరు పెట్టి 38 చూపించిందని నమ్మకండి, చెమట పట్టిన ఒంటి మీద అది తక్కువే చూపిస్తుంది.

అప్పుడు చేయవలసింది ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. 108కి ఫోను చేయండి, బండి వచ్చేలోపు ఊరికే కూర్చోకండి. ధాన్యం కప్పే టార్పాలిన్ బరకం ఒకటి జీపులో వేసుకోండి. మనిషిని దాని మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పట్టుకుని తొట్టిలా ఎత్తి, అందులో నీళ్లూ ఐసూ పోసి, తల బయటికి ఉంచి నీళ్లు కదుపుతూ ఉండాలి. అలా చేస్తే అయిదు నిమిషాలకు ఇంచుమించు ఒక డిగ్రీ దిగుతుంది. పావుగంట చేయండి, వణుకు మొదలై మాట సరిగా వస్తే తీయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇందుకు నాలుగైదు డబ్బాల నీళ్లూ, చేపల వ్యాపారులు వాడే ఐసు దిమ్మ ఒకటీ కావాలి. దిమ్మను ముందే పగలగొట్టి ఊకలో గానీ థర్మోకోల్ పెట్టెలో గానీ పెట్టుకోండి. దాన్నే తుండుగుడ్డల్లో చుట్టి ప్రతి మూడు కిలోమీటర్లకు అందరి మెడ మీదా వేయవచ్చు, వృథా పోదు.

జీపు నడిపే మనిషి కాక ఇంకొకరు అందులో ఉండాలి, ఆ ఇద్దరూ పరుగెత్తకూడదు. ఆపమనే అధికారం వాళ్లకే ఇవ్వండి, పరుగెత్తేవాడికి తన సంగతి తనకు తెలియదు. ఫోను సిగ్నలు ఎక్కడ పోతుందో ముందు వారమే చూసుకుని రండి. ఇంకొకటి, 6.45కి ఎక్కడ ఉన్నవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరగాలని ముందే కట్టడి చేసుకోండి. 10.5 కి.మీ. రాయి కనిపిస్తోంది కదా అని మరో పావుగంట ఎక్కితే ఆ పావుగంటా దిగేటప్పుడు ఎండలో కలుస్తుంది.

కంటోన్మెంట్ నడక (విజయనగరం):

సుబేదార్ గారూ, నమస్కారం. మాలో ఇద్దరు పరుగు మానుకుని జీపులో ఉండటానికి ముందుకు వచ్చారు, 6.45 నియమానికి అందరూ ఒప్పుకున్నారు. బరకం మా మామయ్య గారి కళ్లంలో ఉంది. వచ్చే ఆదివారం బోడికొండ గారు చెప్పినట్టు మొదటి దిగుడు సాధనకు వెళ్తూ సిగ్నలు సంగతి కూడా చూసి వస్తాం. బీపీ మాత్రల మిత్రుడు సోమవారం డాక్టరును కలుస్తున్నారు, ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.